ఇరవై ఒక్క గడియారాలు

2013 జూలై 1 రాత్రి 11 గంటల 41 నిమిషాలకి శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ22 లేచింది. రాకెట్ వదిలే రోజులు ఆ తీరానికి కొత్త కాదు. సూళ్ళూరుపేట మిద్దెల మీద, పులికాట్ మధ్యగా పోయే రోడ్డు మీద, ఉత్తరాన దుగరాజపట్నం, తూపిలిపాళెం ఇసుకలో నిలబడి చూడటం అక్కడివాళ్ళకి పాత అలవాటు. ముందు వెలుగు కనపడుతుంది, మోత ఆలస్యంగా వస్తుంది. ఆ రెంటి మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కబెడితే శ్రీహరికోటకి మనం ఎంత దూరంలో ఉన్నామో చెప్పొచ్చు. ఆ రాత్రి పైకి పోయిన ఉపగ్రహానికి అప్పజెప్పిన పనీ అదే: కాలం కొలిచి దూరం చెప్పడం.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలో కలిసింది. ఈ కథ మొదలైనప్పుడు మాత్రం అది నెల్లూరు జిల్లా దీవి. మైపాడు నుంచి తడ దాకా ఎవర్ని కదిపినా ఇప్పటికీ అది మా షార్ అనే అంటారు, రాకెట్ కేంద్రం పొట్టిపేరది.

ఉపగ్రహం పేరు ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఎ. నోరు తిరగని ఆ పేరు వెనక ఒక పంతం ఉంది. 1999 కార్గిల్ యుద్ధంలో జీపీఎస్ వివరాలు అడిగితే అమెరికా ఇవ్వలేదని ఒక కథ చెప్పుకుంటారు. ఆ కథలో నిజం ఎంతున్నా, 2000 మే నెల మొదలయ్యే దాకా అమెరికా ఆ సంకేతాన్ని సామాన్యులకి కావాలనే మసకబార్చి ఇచ్చిందన్నది అందరికీ తెలిసిందే. తాళంచెవి పరాయివాళ్ళ మొలలో ఉంటే ఎప్పుడైనా అంతే. 2006లో కేంద్రం 1,420 కోట్లతో సొంత దారిచూపు వ్యవస్థకి అనుమతి ఇచ్చింది. మొత్తం ఏడు ఉపగ్రహాలు. మూడు భూమధ్యరేఖ పైన కదలకుండా నిలబడతాయి. నాలుగు రోజూ ఉత్తరానికీ దక్షిణానికీ ఎనిమిది అంకె గీస్తూ తిరుగుతాయి. మన నేల మీద ఎక్కడ నిలబడి చూసినా ఏడూ ఎప్పుడూ ఆకాశంలోనే ఉంటాయి, అస్తమించవు.

ఇక ఆ ఉపగ్రహం కడుపులోకి చూద్దాం. దారి చెప్పే ఉపగ్రహంలో అసలు సరుకు కెమెరా కాదు, పటం కాదు, గడియారం. పైనుంచి సంకేతం ఎప్పుడు బయల్దేరిందో, మన చేతిలోని పరికరానికి ఎప్పుడు చేరిందో తెలిస్తే మధ్య దూరం తేలుతుంది. కాంతి ఒక సెకనులో వందకోట్లో వంతు కాలంలో 30 సెంటీమీటర్లు పోతుంది. గడియారం సెకనులో పదిలక్షలో వంతు తప్పు చెప్పినా 300 మీటర్ల తేడా వస్తుంది, పడవ రేవు ముఖం తప్పిపోతుంది. కాబట్టి అక్కడ లోలకాలూ క్వార్ట్జ్ ముక్కలూ పనికిరావు. రుబీడియం పరమాణువులు ఒక నిర్దిష్టమైన సూక్ష్మతరంగానికి మాత్రమే పలుకుతాయి, సెకనుకి సుమారు 683 కోట్ల కంపనాలు. ఆ పలుకుని పట్టుకుని కాలాన్ని కొలిచేదే రుబీడియం గడియారం. 1ఎలో అలాంటివి మూడు పెట్టారు. మూడూ స్విట్జర్లాండ్‌లోని స్పెక్ట్రాటైమ్ అనే కంపెనీ చేసినవి. ఏడు ఉపగ్రహాలకీ కలిపి ఇరవై ఒకటి.

మూడెందుకని అడిగితే ఓడల కాలం నాటి జవాబు ఒకటుంది. సముద్రం మీదకి ఒక గడియారమైనా తీసుకుపో, మూడైనా తీసుకుపో, రెండు మాత్రం వద్దనేవారు. రెండు చెరో టైము చెబితే ఏది అబద్ధమో తేలదు; మూడుంటే ఇద్దరి మాట నెగ్గుతుంది. 1831లో డార్విన్ ఎక్కిన బీగిల్ ఓడలో 22 ఉన్నాయి, అది మరీ ఎక్కువ జాగ్రత్త. డేటాబేసులు కాపలా కాసే మా వృత్తిలోనూ ఇదే లెక్క. ముగ్గురి గుంపులో ఇద్దరు ఒప్పుకుంటేనే కొత్త ప్రైమరీని ఎన్నుకోనిస్తాం. ప్రైమరీ అంటే అసలు సర్వర్. దానిలో రాసిన ప్రతి మార్పునీ వెంటవెంటనే దింపుకుంటూ పక్కన కూర్చునేది రెప్లికా. అసలుది పడిపోతే రెప్లికా లేచి నిలబడాలి. బ్యాంకు ఖాతా అయినా, రైలు టికెట్ అయినా, ఇలాంటి జతల మీదే నడుస్తోంది.

రెప్లికా పెట్టడం ఒక సాయంత్రం పని. అది బతికే ఉందా అని చూస్తూ ఉండటమే ఉద్యోగమంతా. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు సర్వర్‌ని షో రెప్లికా స్టేటస్ అని అడిగితే పొడుగాటి జాబితా ఇస్తుంది. జనం చూసేది మూడు వరసలే. ప్రైమరీ నుంచి మార్పులు తెచ్చుకునే థ్రెడ్ నడుస్తోందా? తెచ్చుకున్నవాటిని పట్టికల్లోకి ఎక్కించే థ్రెడ్ నడుస్తోందా? ఎన్ని సెకన్లు వెనకబడింది? ఎస్, ఎస్, సున్నా అని వస్తే నైట్ షిఫ్టువాడు రిజిస్టర్‌లో సంతకం పెట్టి టీకి పోతాడు.

ఆ సున్నాలో మోసం ఉంది. తెచ్చుకున్నదాంట్లో ఇంకా ఎంత ఎక్కించాలన్నదే అది చెప్పే లెక్క. అటునుంచి రావడమే ఆగిపోతే ఎక్కించడానికి ఏమీ మిగలదు, కాబట్టి నిక్షేపంగా సున్నా చూపిస్తుంది. గీత తెగిందని గ్రహించడానికి పాత వెర్షన్లు 3600 సెకన్లు, అంటే గంటసేపు, ఎదురుచూసేవి, 5.7.7 వెర్షన్‌లో దాన్ని 60కి దించారు. అనుభవం ఉన్నవాళ్ళు అందుకే ఆ సున్నాని నమ్మరు. ప్రైమరీలో ఒక చిన్న పట్టిక పెట్టి సెకనుకోసారి అప్పటి టైము రాయిస్తారు. రెప్లికాలో అదే వరస తెరిచి, ఇప్పటి టైముతో పోల్చి చూస్తారు. తేడా పెరుగుతూ పోతే జాబితా ఎన్ని ఎస్‌లు చెప్పినా రెప్లికా ఆగినట్టే.

బెంగళూరు పక్కన బ్యాలాలులో ఇస్రో నావిగేషన్ కేంద్రం చేసేది సరిగ్గా ఈ పోలికే. అక్కడ నేల మీద సీజియం గడియారాలు, హైడ్రోజన్ మేజర్లనే మరో జాతి గడియారాలు ఒక గుంపుగా నడుస్తాయి. అది ప్రైమరీ అనుకుందాం. ఆకాశంలో ఉన్నవి రెప్లికాలు. పైనుంచి వచ్చే సంకేతాన్ని నేల గడియారంతో పోల్చి మూడు అంకెలు తీస్తారు: గడియారం ఇప్పుడెంత జరిగి ఉంది, ఎంత వేగంగా జరుగుతోంది, ఆ వేగం ఎలా మారుతోంది. ఆ మూడింటినీ తిరిగి ఉపగ్రహానికి పంపిస్తే, అది తన సంకేతంతో కలిపి కిందికి చెబుతుంది. నేను ఇంత తప్పు, దిద్దుకో అని. తన తప్పు తానే చాటుకునే ఇంత నిజాయితీని మనుషుల్లో వెతకడం కష్టం.

1ఎ తర్వాత 1బి, 1సి, 1డి, 1ఇ, 1ఎఫ్ వరసగా ఎగిరాయి. ఒక్కటీ గురి తప్పలేదు. 2016 ఏప్రిల్ 28 మధ్యాహ్నం ఏడోది, 1జి, శ్రీహరికోట దాటి పోయింది. ప్రధాని నరేంద్ర మోదీ ఆ రోజే వ్యవస్థ మొత్తానికి నావిక్ అని పేరు పెట్టాడు. నోరు తిరగని అక్షరాల గొలుసు పోయి, పడవవాళ్ళ పేరు వచ్చింది. ఏడు ఉపగ్రహాలు, ఇరవై ఒక్క గడియారాలు, తోడుగా నేల మీద మరో రెండు ఉపగ్రహాల ఏర్పాటు. ఇంతకంటే ముందుచూపు ఎవరికుంటుంది!

ఆ వైభవం మూడు నెలలు నిలవలేదు. 2016 జూలైలో 1ఎలో మొదటి గడియారం ఆగింది. రెండోది తోడుందిలే అనుకునేలోగా అదీ ఆగింది. తర్వాత మూడోది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. మిగతా ఒళ్ళంతా బాగుంది: సౌర రెక్కలు విచ్చుకునే ఉన్నాయి, యాంటెన్నా భూమి వైపే తిరిగి ఉంది, హాసన్ కంట్రోల్ కేంద్రం నుంచి ఆజ్ఞ పంపితే బదులు పలుకుతోంది. టైము ఒక్కటే చెప్పలేదు. టైము చెప్పలేకపోతే దూరం లేదు, దూరం లేకపోతే దారి లేదు. దారిచూపు ఉపగ్రహంగా 1ఎ కథ మూడేళ్ళకే ముగిసింది.

దేశానికి ఈ సంగతి తెలిసింది 2017 జనవరిలో. ఆ నెలలోనే ఐరోపా అంతరిక్ష సంస్థ అధిపతి కూడా ఇలాంటి కబురే చెప్పాల్సి వచ్చింది. వాళ్ళ దారిచూపు వ్యవస్థ గెలీలియో ఉపగ్రహాల్లోవీ అదే స్విస్ కంపెనీ గడియారాలు. అప్పటికి కక్ష్యలో ఉన్న 18 ఉపగ్రహాల్లోని 72 గడియారాల్లో 9 ఆగిపోయాయి. అయినా గెలీలియోలో ఒక్క ఉపగ్రహం కూడా గడియారం లేనిది కాలేదు. ఎందుకంటే ఒక్కోదాంట్లో నాలుగు గడియారాలు, అవీ రెండు జాతులవి: రెండు రుబీడియంవి, రెండు హైడ్రోజన్ మేజర్లు. రుబీడియం గడియారాలకి షార్ట్ సర్క్యూట్ వల్ల చావొచ్చి ఉంటుందని, నేల మీద చేసిన ఒక పరీక్ష పద్ధతి కూడా కారణం కావచ్చని ఐరోపావాళ్ళు అనుమానించారు. మేజర్లకి వచ్చిన జబ్బు వేరు. ఒక జాతికి పట్టిన తెగులు రెండోదాన్ని అంటలేదు.

మన 1ఎలో మూడూ ఒకే జాతి, ఒకే చేతి పని. లెక్కకి మూడు, తెగులుకి ఒకటి. ఇక్కడే నాకు ఎప్పుడూ గుచ్చుకుంటుంది. స్టేటస్ చూసేవాడికి మూడు పచ్చ దీపాలు కనిపిస్తాయి. ఆ మూడు దీపాలకీ ఒకే తీగ నుంచి కరెంటు వస్తోందని చెప్పే వరస ఏ డాష్‌బోర్డు మీదా ఉండదు. ఇస్రో మీద రాళ్ళు వేసే ఉద్దేశం నాకు లేదు. అప్పటికి ఆ సరుకు దొరికే చోట్లే తక్కువ. కానీ జాతి మార్చి జత పెట్టాలన్న ఎరుక లోకంలో లేకపోలేదు. 2012లో గూగుల్ స్పానర్ అనే తన డేటాబేసు గురించి ఒక పరిశోధన పత్రం వేసింది. ఖండాలు దాటి కాపీలు పెట్టుకునే ఆ డేటాబేసు ఏ మార్పు ముందు, ఏది వెనక అన్నది గడియారాలు చూసే తేల్చుకుంటుంది. వాళ్ళు ప్రతి డేటా సెంటర్‌లో కొన్ని యంత్రాలకి జీపీఎస్ గడియారం, కొన్నిటికి అణు గడియారం పెట్టారు. అణు గడియారం ఉన్నవాటికి ఆర్మగెడాన్ మాస్టర్లు అని పేరు, అంటే ప్రళయం వచ్చినా నిలిచేవని. రెండు రకాలెందుకంటే, ఒకటి చెడే కారణం వేరు, రెండోది చెడే కారణం వేరు కాబట్టి.

2017 జనవరి చెడ్డ నెలే. దాని ఆఖరి రోజు రాత్రి, ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో మా వృత్తి వాళ్ళంతా ఇప్పటికీ తలుచుకునే ఘటన జరిగింది. రెప్లికా ప్రైమరీ కంటే బాగా వెనకబడింది. దానికి కావలసిన మార్పుల చిట్టాని ప్రైమరీ అప్పటికే చెరిపేసింది. ఇక రెప్లికాని ఖాళీ చేసి మొదటి నుంచి దింపుకోవాలి. రాత్రి పొద్దుపోయింది. ఒక ఇంజనీరు ఖాళీ చేసే ఆజ్ఞ కొట్టాడు, కానీ రెప్లికా మీద కాదు, ప్రైమరీ మీద. ఒకటి రెండు సెకన్లలో తెలుసుకుని ఆపాడు. 300 గిగాబైట్లలో మిగిలింది సుమారు నాలుగున్నర. సరే, బ్యాకప్ ఉంది కదా? రోజూ బ్యాకప్ తీయాల్సిన ప్రోగ్రాము వెర్షన్ ఒకటి, సర్వర్ వెర్షన్ ఇంకొకటి కావడంతో ఎన్నాళ్ళ నుంచో ఆ పని విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్ళని మెయిల్ సర్వర్ సంతకం సరిపోలేదని వెనక్కి తోసేస్తోంది. దాచే చోటు తెరిచి చూస్తే ఖాళీ. చివరికి వాళ్ళని కాపాడింది, వేరే పని కోసం ఆరు గంటల ముందు అదే ఇంజనీరు తీసి పెట్టుకున్న ఒక స్నాప్‌షాట్. ఆరు గంటల్లో జనం రాసుకున్నది మాత్రం పోయింది. వాళ్ళు దాచుకోలేదు. రీస్టోర్ నడుస్తుంటే యూట్యూబ్‌లో లోకానికి చూపించారు. ఆ ధైర్యం నాకు నచ్చుతుంది.

మళ్ళీ తీరానికి వద్దాం. మిగతా ఉపగ్రహాల్లోనైనా గడియారాలు ఎక్కువ కాలం నిలవాలని, అప్పటిదాకా రెండేసి నడిపేవాళ్ళు ఇక ఒక్కోటే నడపడం మొదలుపెట్టారు. 1ఎ చోటులో పెట్టడానికి నేల మీది తోడు ఉపగ్రహం 1హెచ్‌ని బయటికి తీశారు. మా భాషలో దీన్ని ఫెయిలోవర్ అంటారు, రెప్లికాని ప్రైమరీ గద్దె ఎక్కించడం. ఎన్నాళ్ళు పక్కన కూర్చోబెట్టినా, గద్దె ఎక్కే ఆ నిమిషంలోనే దాని సత్తా తెలుస్తుంది. 1హెచ్ తయారీలో ప్రైవేటు పరిశ్రమల బృందం కూడా చెయ్యి వేసింది, దేశంలో అలా జరగడం అదే మొదలు.

2017 ఆగస్టు 31, సాయంత్రం 7 గంటలు. పీఎస్‌ఎల్‌వీ-సీ39 చక్కగా లేచింది. మొదటి దశ, రెండో దశ అంతా సవ్యం. గాలి పలచబడ్డాక, మూడు నిమిషాలు దాటగానే, రాకెట్ ముక్కు మీది ఉష్ణకవచం రెండు చెక్కలై విడిపోవాలి. దానిది దాదాపు టన్ను బరువు. ఆ బరువు వదిలించుకుంటేనే పై దశలు అనుకున్న వేగం అందుకుంటాయి. తెర మీద రెండు గీతలుంటాయి: పోవాల్సిన దారి ఒకటి, పోతున్న దారి ఒకటి. రెండోది మొదటిదాని కింద పడింది. పడి, ఇంకా కిందికి జారింది. మోటార్లు మండుతూనే ఉన్నాయి, దశలు ఒకదాని తర్వాత ఒకటి రాలుతూనే ఉన్నాయి, వరసలన్నీ ఎస్ అనే చెబుతున్నాయి. గీత ఒక్కటే నిజం చెప్పింది. చివరికి ఉపగ్రహం రాకెట్ నుంచి విడిపోయింది కూడా, మూత తెరుచుకోని కవచం లోపలే. 20,650 కిలోమీటర్ల ఎత్తు దాకా పోవాల్సిన కక్ష్య అందులో మూడోవంతుకీ చేరలేదు. ఉష్ణకవచం విడిపోలేదని, ఉపగ్రహం దాని లోపలే ఉండిపోయిందని ఇస్రో అధ్యక్షుడు కిరణ్ కుమార్ వచ్చి చెప్పాడు. 1425 కిలోల ఉపగ్రహం ఒక్కసారైనా సూర్యుణ్ణి చూడలేదు. దాని గడియారాలు మంచివో కావో ఇక ఎవరికీ తెలియదు.

2018 ఏప్రిల్ 12 తెల్లవారుజామున రెండో తోడు 1ఐ సవ్యంగా చేరింది. అప్పటికి నేల మీద తోడు లేదు.

తర్వాతి తరానికి ఎన్‌వీఎస్ అని పేరు పెట్టారు. 2023 మే 29న ఎగిరిన ఎన్‌వీఎస్-01లో అహ్మదాబాద్‌లో ఇస్రో సొంతంగా చేసిన రుబీడియం గడియారం ఉంది. గడియారం గండం గడిచిందని సంతోషించినవాళ్ళలో నేనూ ఉన్నాను. 2025 జనవరి 29 ఉదయం 6 గంటల 23 నిమిషాలకి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15 ఎన్‌వీఎస్-02ని మోసుకుపోయింది. శ్రీహరికోట నుంచి అది వందో ప్రయోగం. రాకెట్ తన పని తూచా తప్పకుండా చేసింది. వేడుకలు సర్దుమణగక ముందే కబురొచ్చింది: ఉపగ్రహాన్ని పై కక్ష్యకి ఎత్తే ఇంజనుకి ఆక్సిడైజర్ పంపే వాల్వులు తెరుచుకోలేదు. 2,250 కిలోల ఉపగ్రహం, సొంత గడియారంతో సహా, భూమికి 170 కిలోమీటర్ల దగ్గరికి వచ్చి పోయే కోడిగుడ్డు దారిలో చిక్కుకుంది. ఈసారి గడియారం కాదు, తలుపు. ఎక్కడ కాపలా పెడితే పక్క గోడ కూలుతోంది.

2025 జూలైలో పార్లమెంటుకి ప్రభుత్వం లెక్క చెప్పింది. ఎగిరినవి 11. అనుకున్న కక్ష్యకి చేరనివి రెండు. ఆయుష్షు తీరి సేవ నుంచి తప్పించింది ఒకటి. సందేశాలు ప్రసారం చేయడానికి మాత్రమే వాడుతున్నవి నాలుగు. దారి చెప్పగలిగేవి నాలుగు.

సందేశాల నాలుగింటి గురించి ఒక మాట చెప్పాలి. అవి ఇక టైము చెప్పలేవు, రేడియో మాత్రం పలుకుతుంది. 2017 చివర్లో ఓఖీ తుపాను కేరళ, తమిళనాడు జాలర్లని నడిసముద్రంలో మింగింది. ఒడ్డున హెచ్చరిక ఉన్నా, సెల్‌ఫోన్ అందని దూరంలో ఉన్న పడవకి అది చేరలేదు. ఆ దెబ్బ తర్వాతే, ఉపగ్రహం నుంచి చిన్న సందేశాన్ని పడవకి చేర్చే పని ముందుకొచ్చింది. దానికి అణు గడియారం అక్కర్లేదు. దారి చూపమని పంపినవి దండోరా వేస్తున్నాయి. మా దగ్గర కూడా వెనకబడిన రెప్లికాని వెంటనే పారెయ్యం. నిన్నటి లెక్కలు చాలనుకునే రిపోర్టులకి దాన్ని కట్టేస్తాం.

ఇక మిగిలిన నాలుగు. మనిషి ఎక్కడున్నాడో తేల్చడానికి కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతం కావాలి: పొడవు, వెడల్పు, ఎత్తు, వాటితో పాటు చేతిలోని పరికరం గడియారం ఎంత తప్పో చెప్పే నాలుగో లెక్క. అప్పటికి ఆ నాలుగు: 1బి, 1ఎఫ్, 1ఐ, ఎన్‌వీఎస్-01. వాటిలో వయసులో పెద్దది 1బి. 2014 ఏప్రిల్ 4 సాయంత్రం శ్రీహరికోట నుంచి పోయింది, 1ఎ తర్వాత పుట్టి అదే గుంపులో తిరిగింది. పదేళ్ళు పనిచేస్తే చాలని పంపారు. లెక్క చెప్పిన ఆ జూలైకి దానికి పదకొండు దాటాయి, అప్పటికీ టైము చెబుతూనే ఉంది. కింద బ్యాలాలులో అప్పటికీ దాని మూడు అంకెలు తీస్తూనే ఉన్నారు. ఎన్‌వీఎస్-03ని ఆ ఏడాది ఆఖరుకి పంపాలనుకుంటున్నట్టు ప్రభుత్వం సభకి చెప్పింది.